తాళం ఎవరి దగ్గర ఉండాలి?



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద జరిగిన మాటలు మీలో చాలామందికి ఈపాటికే ఫోనుల్లో చేరి ఉంటాయి. కువైట్‌లో పని చేసుకుంటున్న ఒక చెల్లెమ్మ ఆ రాత్రే వాయిస్ మెసేజ్ పెట్టింది: "అయ్యగారూ, మన ఊళ్ళో హాలు కడుతున్నారంట గదా, చర్చి పేరు మీదేనా?" అని. ఒక్క ముక్కలో జవాబు చెప్పలేక రెండు రోజులు ఊరుకున్నాను. అదే ప్రశ్న మనసులో పెట్టుకుని పైకి అడగని పెద్దలు కూడా ఉన్నారు. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

సంగతి మీకు తెలిసిందే. మన ఊళ్ళో నలుగురం కలిసి కూర్చోవడానికి ఒక కప్పు లేదు. పెళ్ళంటే రోడ్డుకు అడ్డంగా షామియానా వేస్తాం. కార్తీకంలో భూస్థాపన జరిగితే వచ్చిన బంధువులు చేతిలో విస్తరితో వానలో నిలబడి తింటారు. డ్వాక్రా అక్కలు బడి వరండాలో మీటింగు పెట్టుకుంటారు, పిల్లలు లేచి రాకముందే లేవాలి. ఇప్పుడు ఊరంతా కలిసి ఒక హాలు కట్టుకుందామన్న మాట లేచింది. మన మందిరం పక్కన ఆరు సెంట్ల స్థలం ఉంది, అంటే సుమారు 290 గజాలు. అది మిషను ఇచ్చింది కాదు, మన పెద్దలు నాట్ల కూలి, కోతల కూలి దాచి కొన్నది. అందుకే దాని మాట ఎత్తితే కొందరికి కన్నీళ్ళొస్తున్నాయి.

నా అభిప్రాయం దాచుకోను. ఆ స్థలం ఇవ్వాలి. హాలు ఊరిది కావాలి. మన బోర్డు దాని మీద ఉండకూడదు.

ఇది చెప్పే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇక్కడికి రాకముందు నేను పరిచర్య చేసిన ఊళ్ళో ఒక హాలు కట్టించాను. దూరదేశపు దాత ఒకాయన డబ్బు పంపాడు, ఆయన తల్లి పేరు నల్లరాయి మీద చెక్కించాం, గొప్పగా ప్రతిష్ఠ చేశాం. తాళం నా దగ్గర ఉండేది. పిల్లలు గోడలు పాడు చేస్తారని ట్యూషనుకు ఇవ్వలేదు. వేరే ఆచారం ప్రకారం చేసుకుంటారని పక్క వీధి పెళ్ళికి ఇవ్వలేదు. ఏడాదికి రెండు సభలకు తప్ప దాని తలుపు తెరవలేదు. ఒక తుపాను రాత్రి నేను టౌనులో చిక్కుకుపోయాను, తాళం నా సంచిలో ఉంది. గుడిసెలు ఎగిరిపోతుంటే ఆ ఊరి మగవాళ్ళు గడ్డపారతో తలుపు పగలగొట్టి ఆడవాళ్ళనూ పిల్లలనూ లోపలికి పంపారు. తెల్లారి నేను వెళ్తే ఒక ముసలమ్మ నన్నేమీ తిట్టలేదు. "తలుపు పోయిందయ్యా, మేం చేయించి పెడతాంలే" అంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

మన తీరంలో ఉండేవాళ్ళకు కప్పు విలువ వేరే చెప్పాలా? 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడినప్పుడు 10,000 మందికి పైగా పోయారు. మన సంఘంలో ఆ రాత్రి తాటిచెట్టు పట్టుకుని బతికిన తాత ఇంకా ముందు వరుసలోనే కూర్చుంటున్నాడు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన మందిరంలో చాపలు పరుచుకుని పడుకున్నవాళ్ళలో సగం మంది మన సంఘస్థులు కారు. నువ్వు బాప్తిస్మం పొందావా అని ఆ రాత్రి ఎవరమూ ఎవరినీ అడగలేదు. అన్నం గిన్నె ఏ ఇంటి నుంచి వచ్చిందని వాళ్ళూ అడగలేదు. తుపాను పోయిన వారానికి మళ్ళీ అడగడం మొదలుపెట్టాం, అది వేరే సంగతి.

"మన స్థలంలో వాళ్ళు వాళ్ళ పూజలు చేసుకుంటే ఎలా అయ్యగారూ?" అని అడుగుతున్నారు. ఇది చులకన చేయాల్సిన ప్రశ్న కాదు, మనస్సాక్షితో అడిగినది. అందుకే స్థలాన్ని దానపత్రం రాసి పూర్తిగా ఇచ్చేయాలంటున్నాను. ఇచ్చాక అది మన స్థలం కాదు. మధ్యలో ప్రహరీ ఉంటుంది. మన ఆరాధన మన మందిరంలో జరుగుతుంది, వాళ్ళ పెళ్ళి హాలులో జరుగుతుంది. సగం ఇచ్చి సగం పట్టుకుంటేనే గొడవ. లూకా సువార్త ఏడవ అధ్యాయంలో కపెర్నహూము శతాధిపతిని గుర్తు చేసుకోండి. ఆయన యూదుడు కాడు, అయినా అక్కడి యూదులకు సమాజమందిరం కట్టించాడు. ఆ మాట యేసు దగ్గర చెప్పింది ఆ యూదుల పెద్దలే. పరాయివాడు కట్టించిన గోడల మధ్య వాళ్ళు దేవుణ్ణి ఆరాధించుకున్నారు. అలాంటప్పుడు మన పొరుగువాళ్ళ పెళ్ళికి మనం ఒక నేల ఇవ్వలేమా?

ఇక డబ్బు. ఎంపీ నిధులు అడుగుదామని యవ్వనస్థులు అంటున్నారు. అడగండి, తప్పు లేదు. ఒక్కొక్క ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులు సూచించే వీలుంది, అందులో కమ్యూనిటీ హాళ్ళు కూడా కట్టవచ్చు. కానీ మతసంస్థల స్థలంలో ఆ నిధులతో పని చేయకూడదని నిబంధన ఉంది. స్థలం సంఘం పేరిట ఉన్నంతకాలం ఆ దారి మూసే ఉంటుంది. ఊరి పేరిట సొసైటీ పెట్టుకుంటే ఆ ఒక్క అడ్డు తొలగుతుంది. 2001 నాటి మన రాష్ట్ర సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. ఆ ఏడుగురిలో ముగ్గురైనా ఆడవాళ్ళు ఉండాలని నా పట్టుదల. డ్వాక్రా లెక్కలు ఇన్నేళ్ళుగా రూపాయి తేడా లేకుండా రాసుకున్నవాళ్ళు వాళ్ళే. మన పెద్దల కమిటీ పద్దు పుస్తకం సంగతి నేను మాట్లాడను.

నిధుల కోసమే కూర్చుంటే మాత్రం హాలు రాదు. ముందు పునాది మనం వేసుకోవాలి. నెహెమ్యా మూడవ అధ్యాయం చదవమంటే పేర్ల చిట్టా అని దాటేస్తాం. ఈ వారం ఒకసారి నిదానంగా చదవండి. ప్రధానయాజకుడు గొర్రెల గుమ్మం కట్టాడు. బంగారపు పనివాళ్ళు, పరిమళ ద్రవ్యాలు చేసేవాళ్ళు రాళ్ళెత్తారు. షల్లూము తన కుమార్తెలతో కలిసి కట్టాడు. చాలామంది ఎవరి ఇంటి ఎదుట వాళ్ళు కట్టుకుంటూ పోయారు, 52 దినాల్లో గోడ పూర్తయింది. అందులో నన్ను ఆపేది తెకోవీయుల సంగతి. వాళ్ళ పెద్దమనుషులు మెడ వంచలేదు. అయినా మామూలు తెకోవీయులు తమ వంతు ముగించి ఇంకో భాగం కూడా కట్టారు. మన ఊళ్ళోనూ మెడ వంచనివాళ్ళు ఉంటారు. పాలెం పక్కన కట్టిన హాలులో మేం విస్తరి వేసుకుంటామా అని పెద్దవీధిలో ఇద్దరు ముగ్గురు అన్నట్టు నా చెవిన పడింది. వాళ్ళు రాకపోతే రాకపోనీ. వాళ్ళ పిల్లలు వస్తారు. అయితే ఆ మాటకు కోపం తెచ్చుకున్న మనం, మన కంటే కింద అని మనం లెక్కవేసే రెండు ఇళ్ళవాళ్ళను మొదటి బంతిలో కూర్చోబెడతామా? మొన్న ఈస్టరు విందులో నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను.

మన తాపీ మేస్త్రీ మామ చెప్పిన మాట ఒకటి రాయకుండా ఉండలేను. మన పాత తుపాను షెల్టరు ఎందుకు పెచ్చులూడి ఇనుము బయటపడిందో తెలుసా అని అడిగాడు. గాలిలో ఉప్పు, నేలలో ఉప్పు, దానికి తోడు దగ్గర్లో ఉందని బోరు ఉప్పునీళ్ళతోనే మాలు కలిపారట. ఆ ఉప్పు కాంక్రీటులోకి దిగి ఊచను తినేస్తుంది. ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైన పెచ్చు పగులుతుంది. కాబట్టి కలపడానికైనా, తడపడానికైనా మంచినీళ్ళే కావాలి, ట్యాంకరు తెప్పించాలి. ఊచ మీద కాంక్రీటు మందంగా ఉండాలి, సముద్రపు ఇసుక ముట్టకూడదు. అరుగు ఎత్తుగా లేపాలి, ముసలివాళ్ళు ఎక్కడానికి మెట్ల పక్కనే వాలు కట్టాలి. "అయ్యగారూ, టైల్స్ డబ్బులు నీళ్ళకు పెట్టండి" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా నా ప్రసంగాలకు నిద్రపోయే మనిషి ఆ గంటసేపూ నాకు పాఠం చెప్పాడు.

తాళం సంగతి. రెండు తాళాలు చేయిద్దాం. ఒకటి డ్వాక్రా లీడరు ఇంట్లో, ఒకటి హాలుకు ఎదురుగా ఉన్న టీకొట్టులో. టీకొట్టు సాయిబు తెల్లవారి నాలుగింటికే లేస్తాడు, రాత్రి పదింటిదాకా ఉంటాడు. పాస్టరు దగ్గర మాత్రం వద్దు. నేనైనా, నా తర్వాత వచ్చేవారైనా.

అద్దె పెళ్ళికి ఒక రేటు, చావు భోజనాలకు ఏమీ వద్దు, పిల్లల చదువుకు ఏమీ వద్దు. ఆ అద్దెలో కొంత ఏటా సున్నానికీ తలుపులకూ పక్కన పెట్టాలి. ఇవన్నీ కూర్చుని తేల్చుకోవచ్చు, నేను చెప్పినట్టే జరగాలని లేదు.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత సంఘ సభ పెడుతున్నాం. స్థలం ఇవ్వడానికి చేతులెత్తి తీర్మానం చేయాలి. ఒప్పుకోనివారు కూడా తప్పక రండి, లేచి చెప్పండి, ఎవరూ మిమ్మల్ని చిన్నచూపు చూడరు. గల్ఫ్‌లో, హైదరాబాదులో ఉన్న బిడ్డలు తొందరపడి డబ్బు పంపవద్దు. సొసైటీ అయ్యి బ్యాంకు ఖాతా తెరిచాక నంబరు సంఘ గ్రూపులో పెడతాం, నా సొంత ఖాతాకు ఒక్క రూపాయి కూడా వద్దు. దాతల పేర్లు గోడ మీద చెక్కించడం ఉండదని ముందే చెబుతున్నాను. కువైట్ చెల్లెమ్మా, నీకు జవాబు దొరికిందనుకుంటాను. మీ అమ్మగారి మోకాళ్ళ నొప్పి కొంచెం నయంగా ఉంది. మెట్ల పక్కన వాలు కట్టాలన్న మాట మొదట అన్నది ఆవిడే.