తోటి ప్రయాణికుడి తొందర

అమెరికా చదువుకు పిల్లవాడు బయల్దేరుతున్నాడనగానే మన ఇళ్లలో ఫీజు ఎంతని అడిగేవాళ్ల కంటే "తోడు ఎవరైనా ఉన్నారా?" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఆగస్టులో శంషాబాద్ నుంచి దోహాకో దుబాయ్‌కో వెళ్లే విమానం ఎక్కి చూస్తే ఆ బెంగ అక్కర్లేదనిపిస్తుంది. ఏ వరసలో చూసినా ఎమ్మెస్‌కు పోయే పిల్లలే. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చాలా ఏళ్ల తర్వాత మనవాళ్లు చైనావాళ్లను దాటింది అప్పుడే. కనుక తోడు దొరుకుతుంది. ఎలాంటి తోడన్నదే ఆలోచించాల్సిన సంగతి.

ఆ గుంపులో అన్నీ ముందే లెక్క కట్టుకున్నవాడు ఒకడుంటాడు. ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు, ఏ నెలలో ఇంటర్న్‌షిప్ వేట, ఏ ఏడాది హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ, అంతా విమానం మారేలోపే చెప్పేస్తాడు. వాడితో జట్టు కట్టాలా, నవ్వి ఊరుకోవాలా?

ఈ ఇబ్బంది ఓడల కాలంలోనూ ఉంది. 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడ ఎక్కిన గాంధీకి, జునాగఢ్ వకీలు త్ర్యంబకరాయ్ మజ్ముదార్ క్యాబిన్‌లో తోడు. నలుగురిలో కలిసిపోయే మనిషి. డెక్ మీదికి రా, తప్పులు పోయినా ఇంగ్లీషులో మాట్లాడు, లాయరు కాబోయేవాడికి నోరుండాలి అని పోరుపెట్టాడు. గాంధీ బిడియం వదల్లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లు తింటూ క్యాబిన్‌లోనే ఉండిపోయాడు. అదే ఓడలో ఒక ఇంగ్లీషు ప్రయాణికుడు, మాంసం తినకుండా ఇంగ్లండ్ చలికి తట్టుకోలేవని హెచ్చరించాడు. ఆ మాటా వినలేదు. మొదటి సలహా విని ఉంటే బాగుండేది. రెండోది వినకపోవడమే మంచిదైంది. ఇద్దరూ మేలు కోరే చెప్పారన్నది గమనించాలి.

తొందరున్నవాడి వల్ల కలిగే లాభం చిన్నదేమీ కాదు. ఖమ్మం నుంచో కడప నుంచో వెళ్లిన మొహమాటస్తుడికి ప్రొఫెసర్ దగ్గరకు వెళ్లి "మీ ల్యాబులో పనుందా?" అని అడగడమే గండం. పక్కవాడు అడగడం చూస్తే వీడికీ నోరు పెగులుతుంది. అసిస్టెంట్‌షిప్ దొరికితే చాలాచోట్ల ట్యూషన్ ఫీజులో పెద్ద భాగం మాఫీ అవుతుంది, ఇంటి మీది అప్పు తగ్గుతుంది. రేపు వాడికి ఉద్యోగం వస్తే అదే కంపెనీలో వీడి రెజ్యూమె ఒకరి చేతికైనా చేరుతుంది. తెలివి ఉండీ అడగడం చేతకాక వెనకబడ్డ పిల్లలు మనలో తక్కువేం కాదు.

పైగా ఆ తొందరను దురాశ అనడం అన్యాయం. ఎకరం అమ్మో, ఇల్లు బ్యాంకులో కుదువపెట్టో వచ్చినవాడికి నింపాదిగా కూర్చునే తీరిక ఉండదు. చదువయ్యాక పని చేసుకునే అనుమతి, అంటే ఓపీటీ, 12 నెలలు. సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లకు ఇంకో 24. ఆ మొదటి ఏడాదిలో కలిపి 90 రోజులకు మించి ఖాళీగా ఉంటే వీసా స్టేటస్‌కే ముప్పు. హెచ్-1బీ ఏటా 65,000, అమెరికా మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000, ఆపైన లాటరీ. ఈ లెక్క తెలిసి కూడా నింపాదిగా ఉండమని చెప్పేవాళ్లు తరచుగా గ్రీన్‌కార్డు చేతికొచ్చిన పెద్దలే.

అయితే అవతలి పక్షం బరువూ తక్కువ కాదు. వాడి క్యాలెండర్ వీడి గోడకు ఎక్కుతుంది. స్టాటిస్టిక్స్ మీద ఇష్టంతో వచ్చినవాడు, రూమ్మేట్లంతా తీసుకున్నారని ఇంకేదో కోర్సు తీసుకుంటాడు. పక్కవాడికి ఆఫర్ వచ్చిన రోజు అన్నం సహించదు. ఇవి ఎలాగో తట్టుకోవచ్చు. అసలు ప్రమాదం, తొందర అడ్డదారి వెతికినప్పుడు వస్తుంది. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చెయ్యకూడదు; అనుమతి లేకుండా బయట చెయ్యనేకూడదు. అయినా గ్యాస్ స్టేషన్‌లో నగదుకు పని, రెజ్యూమెలో లేని అనుభవం, ఒకరి బదులు ఒకరు ఇచ్చే ఇంటర్వ్యూ, ఇవన్నీ స్నేహితుడి నోటివెంట "ఏం కాదురా, అందరూ చేస్తున్నదే" అన్న మాటతోనే మొదలవుతాయి.

మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందా? క్లాసుల్లేవు, పంతుళ్లు లేరు. ఫెడరల్ ఏజెంట్లు వలగా నడిపిన ఉత్తుత్తి సంస్థ. 2019 జనవరిలో గుట్టు రట్టయినప్పుడు విద్యార్థులను చేర్పించారని ఎనిమిది మందిపై కేసు పెట్టారు. ఆ పేర్లు చదువుతుంటే మన కాలేజీ హాజరుపట్టీ చదివినట్టే ఉంది. చేర్చిన తలకింతని వాళ్లకు డబ్బు ముట్టింది. చేరినవాళ్లది మొత్తం తప్పని నేననను. ఆ సంస్థకు గుర్తింపు ఉన్నట్టు చూపించింది ప్రభుత్వమే. కానీ క్లాసులే లేని చదువని తెలిశాక కూడా కొనసాగినవాళ్లున్నారు. అరెస్టులు, దేశం వదిలిపోవడాలు తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ తగిలాయి.

తూకం వేస్తే నేను జట్టు కట్టడం వైపే మొగ్గుతాను. గది పంచుకోండి, వంట పంచుకోండి, ఉద్యోగాల వేటలో వాడి వెంట పరుగెత్తండి. భయపడి దూరం జరిగితే పోయేది మీ అవకాశమే. కాకపోతే ఆ తొందర ఎటు లాగుతోందో మొదటి నెలలోనే చూసుకోండి. ల్యాబుకు, లైబ్రరీకి, కెరీర్ ఫెయిర్‌కు లాగితే అదృష్టం. కాగితాల మీదికి, అబద్ధాల మీదికి మళ్లిన రోజు స్నేహం ఉంచుకుని సలహా వదిలెయ్యండి.

స్టేటస్‌కు సంబంధించిన ఏ సందేహమైనా రూమ్మేట్‌ను కాదు, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓను అడగండి. ఆ అధికారి పేరు యూనివర్సిటీ మీకిచ్చిన ఐ-20 పత్రం మొదటి పేజీలోనే అచ్చయి ఉంటుంది.