మూడో కన్నానికి వైరుందా?

పాత ఇంట్లో కొత్త ప్లగ్ పాయింటు పెట్టించాలంటే మనం రెండే అడుగుతాం. గోడ ఎంత పగలగొడతారు, డబ్బులెంత అవుతాయి. ప్లగ్గులో పైన లావుగా ఉంటుందే, ఆ మూడో కన్నానికి వైరు ఎక్కణ్ణించి తెస్తావు నాయనా అని మాత్రం అడగం. నా మటుకు నాకు ముందు అడగాల్సింది అదే.

మా ఇల్లు మామగారి హయాంలో కట్టింది. అప్పట్లో ఇంటికి కరెంటంటే గదికో లైటు, ఒక ఫ్యాను, ముందు గదిలో రేడియోకి ఒక ప్లగ్గు. వంటింట్లో బల్బు ఒక్కటే. రోట్లో రుబ్బుకునేవాళ్ళకి ప్లగ్గెందుకు? ఇప్పుడు అదే వంటింట్లో ఫ్రిజ్, మిక్సీ, గ్రైండరు, గ్యాస్ బండ రావడం ఆలస్యమైతే ఇండక్షన్ స్టవ్. అన్నీ కలిసి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద కాపురం చేస్తున్నాయి. అందుకే కొత్త పాయింట్లు పెట్టిద్దామన్నాను.

వచ్చిన కరెంటబ్బాయి గోడ చూసి, "పక్క స్విచ్ బోర్డులోంచి రెండు వైర్లు లాగితే అరగంట పనమ్మా" అన్నాడు. మరి ఎర్తో అంటే, "పాత ఇంట్లో ఎర్తు ఉండదమ్మా, న్యూట్రల్ నుంచి చిన్న ముక్క కలిపేస్తా. అందరికీ అలాగే చేస్తున్నాం" అన్నాడు. మా వారు కూడా, "ఇన్నేళ్ళూ ఏమీ కాలేదుగా" అన్నారు. ఇన్నేళ్ళూ ఆ గోడ పక్కన ఇనప ఒళ్ళున్న వస్తువు లేదు కాబట్టి కాలేదు!

నేను చదివింది తెలుగు బీఏ. అయినా ఈ చిన్న ముక్క సంగతి అర్థం చేసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. వెనక ఎక్కడో న్యూట్రల్ వైరు ఊడిందనుకోండి, కరెంటు ఆ ముక్క గుండా ఫ్రిజ్ తలుపు మీదికి వచ్చి కూర్చుంటుంది. కాపాడాల్సిన కన్నమే కాటేస్తుంది. ఆ తలుపు తీసేదెవరు? ఇప్పుడే కడిగిన గచ్చు మీద, చెప్పుల్లేని కాళ్ళతో, తడి చేత్తో, మనమే. ఎంసీబీ ఉందిగా అంటారు. అది వైరు కాలిపోకుండా చూస్తుంది, మన ఒంటి సంగతి దానికి పట్టదు. అందుకు ఆర్‌సీసీబీ అని వేరే ఉంది. వెళ్ళిన కరెంటులో 30 మిల్లీఆంపియర్లు తిరిగి రాకుండా దారి తప్పినా టక్కున ఆపేస్తుంది.

ఇంకోటి. లైట్లకి వేసేది 1.5 వైరు, ప్లగ్గు 6 ఆంపియర్లది. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఆ బోర్డులోంచే లాగితే గోడలోపల వైరు వేడెక్కుతూ ఉంటుంది, మనకి కనబడదు.

చివరికి మెయిన్ బోర్డు నుంచే విడిగా లైను వేయించాం. 2.5 వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గు, పచ్చ వైరు, పెరట్లో ఎర్తు గుంట, మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ. పాత సున్నపు గోడ, గాడి కొడితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఇక గోడపైనే పైపు వేసేశాడు. అందం చెడిందని మా వారి బాధ, చెడితే చెడనీ. పాయింట్లు ఎంత ఎత్తులో ఉండాలో నేనే గట్టు దగ్గర నిలబడి చూపించాను, సింకుకీ పొయ్యికీ దూరంగా. అరగంట పని రెండు రోజులైంది, ఖర్చూ పెరిగింది. దండగ అనుకోను.

మా డెల్టా నేలలో తడికేం కొదవ అనుకోకండి. వేసవిలో కాలవలు కట్టేశాక నల్లరేగడి నెర్రెలు విచ్చుతుంది, ఎర్తు గుంటా ఎండిపోతుంది. అప్పుడప్పుడు బిందెడు నీళ్ళు పోయాల్సిందే.

మా గుడ్లవల్లేరులో 1998లో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. చదువుకునే పిల్లలకి పాత ఇళ్ళలో గదులు అద్దెకిస్తున్నారు. మంచానికో ప్లగ్గు కావాలి మరి. అవీ ఇలాగే రెండు వైర్లతో లాగినవైతే? పిల్లలు వాటికి ఫోన్లే కాదు, నీళ్ళు కాచే కెటిళ్ళు, ఇస్త్రీపెట్టెలూ పెడతారు. గది చూడ్డానికి వెళ్ళే అమ్మానాన్నలు నీళ్ళొస్తాయా, వైఫై ఉందా అని అడుగుతారు. ఎర్తుందా అని కూడా అడగండి. "ఉంది" అంటే సరిపోదు, తెలిసినవాడితో చూపించమనండి.