జపాన్ పిలుపు, కోల్‌కతా అనుభవం: వెళ్ళేముందే తేల్చుకోవలసిన విషయాలు

భారత్, జపాన్‌ల మధ్య ఐదేళ్ళలో 5 లక్షల మందికి పైగా రాకపోకలు సాగేలా చూడాలని, వారిలో 50 వేల మంది నైపుణ్యం గల భారతీయులు జపాన్‌కు వెళ్ళేలా ఏర్పాట్లు చేయాలని 2025 ఆగస్టు 29న టోక్యోలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ, అప్పటి జపాన్ ప్రధాని షిగెరు ఇషిబా నిర్ణయించారు. పదేళ్ళలో భారత్‌లో 10 లక్షల కోట్ల యెన్‌ల ప్రైవేటు పెట్టుబడి పెట్టాలన్న లక్ష్యాన్ని కూడా ఆ సమావేశమే ప్రకటించింది.

ఈ పిలుపు వెనుక జపాన్ అవసరం స్పష్టం. 2024లో ఆ దేశంలో పుట్టిన జపాన్ పౌరుల సంఖ్య 7 లక్షలకన్నా తక్కువకు పడిపోయింది. వృద్ధుల సంరక్షణ, నిర్మాణం, వ్యవసాయం, ఆహార తయారీ వంటి రంగాలు విదేశీ కార్మికులు లేనిదే నడవని స్థితికి చేరాయి. 2024 అక్టోబరు నాటికి అక్కడ పనిచేస్తున్న విదేశీయులు 23 లక్షలు దాటారు. 2024 చివరికి జపాన్‌లో నివసిస్తున్న భారతీయులు మాత్రం 54 వేల మంది మాత్రమే. అంటే, కొత్త ఒప్పందం అనుకున్నట్లు అమలైతే ఆ సంఖ్య దాదాపు రెట్టింపు కావచ్చు.

అయితే జపాన్ సంస్థలతో, ప్రభుత్వ యంత్రాంగంతో వ్యవహరించిన విదేశీయులలో చాలామంది ఒకేరకమైన అసంతృప్తిని దశాబ్దాలుగా వ్యక్తం చేస్తున్నారు. మనుషులు మర్యాదస్థులు, మాట ఇస్తే తప్పరు. కానీ బయటివాడికి సంబంధించిన నిర్ణయం బయటివాడు గదిలోకి రాకముందే జరిగిపోతుంది అన్నది ఆ అసంతృప్తి సారాంశం. ఈ అనుభవం భారతదేశంలో అందరికన్నా ముందు ఎదురైన నగరాలలో కోల్‌కతా ఒకటి.

వ్యక్తుల ఆదరణ, వ్యవస్థ ఉత్తర్వు

వైస్రాయి హార్డింజ్‌పై 1912లో జరిగిన బాంబు దాడి కేసులో బ్రిటిష్ ప్రభుత్వం వెతుకుతున్న విప్లవకారుడు రాస్‌బిహారీ బోస్ 1915 మే 12న కోల్‌కతా రేవు నుంచి జపాన్ ఓడ ఎక్కారు. అదే ఏడాది చివరిలో, బ్రిటిష్ ఒత్తిడికి తలొగ్గిన జపాన్ ప్రభుత్వం ఆయన దేశం విడిచి వెళ్ళాలని ఉత్తర్వు జారీ చేసింది. ఆయనను కాపాడినది వ్యక్తులు. తోయామా మిత్సురు వంటి పలుకుబడి గల వారు అండగా నిలవగా, టోక్యోలోని షింజుకు ప్రాంతంలో నాకామురాయా రొట్టెల దుకాణం నడిపే సోమా దంపతులు ఆయనను తమ ఇంట దాచారు. తరువాత ఆయన వారి కుమార్తెను వివాహమాడి, 1923లో జపాన్ పౌరసత్వం పొందారు.

మరుసటి ఏడు, 1916 మే నెలలో, రవీంద్రనాథ్ ఠాగూర్ కోల్‌కతా నుంచి తోసామారు అనే ఓడలో జపాన్ బయలుదేరారు. ఆసియాకు తొలి నోబెల్ బహుమతి తెచ్చిన కవిగా అక్కడ అఖండ స్వాగతం లభించింది. అయితే జపాన్ పశ్చిమ దేశాల దూకుడు జాతీయవాదాన్ని అనుకరిస్తున్నదని ఉపన్యాసాలలో హెచ్చరించిన వెంటనే ఆదరణ చల్లబడింది. 1938లో చైనాపై యుద్ధాన్ని సమర్థించిన కవి యోనే నొగుచికి ఠాగూర్ రాసిన లేఖలలో ఆ నిరాశ మరింత తీవ్రంగా కనిపిస్తుంది. అతిథిని ఆదరించడం వేరు, అతిథి అభిప్రాయానికి చోటివ్వడం వేరు అన్నది ఈ రెండు అనుభవాలు చెప్పే విషయం.

అద్దె ఇల్లు దొరకని ఇంజినీర్లు

ఎనిమిది దశాబ్దాల తరువాత ఇదే అనుభవం మరో రూపంలో ఎదురైంది. 2000 సంవత్సరం కంప్యూటర్ సమస్యను పరిష్కరించడానికి జపాన్ కంపెనీలు భారతీయ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లను పెద్దఎత్తున రప్పించుకున్నాయి. కంపెనీలు పిలిచినా, ఇంటి యజమానులు తలుపు తీయలేదు. జపాన్‌లో ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే సాధారణంగా హామీదారు ఉండాలి. ముందస్తు సొమ్ముతో పాటు, తిరిగిరాని కానుక సొమ్ము కూడా చాలాచోట్ల చెల్లించాలి. కొత్తగా వచ్చిన విదేశీయుడికి హామీ ఇచ్చేదెవరు?

ఆ సమయంలో టోక్యో తూర్పున ఎదొగావా వార్డులోని నిషి కసాయ్ ప్రాంతంలో స్థిరపడిన కోల్‌కతా తేయాకు వ్యాపారి జగ్‌మోహన్ చంద్రాణి ఈ ఇంజినీర్లకు అండగా నిలిచారు. 1978లో జపాన్ చేరిన ఆయన ఇంటి యజమానులతో మాట్లాడి ఇళ్ళు ఇప్పించారు, శాకాహార భోజనం దొరికే ఏర్పాటు చేశారు. ఆయన నెలకొల్పిన భోజనశాల పేరులోనే కల్‌కత్తా ఉంది. ఈనాడు ఆ ప్రాంతాన్ని టోక్యో ‘లిటిల్ ఇండియా’ అంటున్నారు. అయితే ఒక వ్యక్తి చొరవతో తీరిన సమస్య వ్యవస్థలో తీరినట్లు కాదు. జపాన్ న్యాయ మంత్రిత్వశాఖ 2017లో వెల్లడించిన సర్వే ప్రకారం, అంతకుముందు ఐదేళ్ళలో ఇల్లు వెతుక్కున్న విదేశీయులలో దాదాపు 39 శాతం మందికి విదేశీయులన్న కారణంతోనే ఇల్లు నిరాకరించారు. అద్దె విషయంలో జాతి వివక్షను నేరుగా నిషేధించి శిక్షించే సమగ్ర చట్టం అక్కడ నేటికీ లేదు. 2016లో వచ్చిన ద్వేషపూరిత ప్రసంగాల నిరోధక చట్టంలోనూ శిక్షలు లేవు.

చెట్టు నాటకముందే వేళ్ళు సవరించడం

జపాన్ కంపెనీలలో ‘నెమవాషీ’ అన్న మాట తరచు వినిపిస్తుంది. చెట్టును ఒకచోటి నుంచి మరోచోటికి మార్చేముందు దాని వేళ్ళ చుట్టూ మట్టిని సవరించడం అన్నది దాని అసలు అర్థం. నిర్ణయం సమావేశానికి రాకముందే సంబంధితులందరితో విడివిడిగా మాట్లాడి ఒప్పించడాన్ని ఆ పేరుతో పిలుస్తారు. ఆ తరువాత ‘రింగి’ పత్రం కిందిస్థాయి నుంచి పైస్థాయి వరకు ఒక్కొక్కరి ముద్ర వేయించుకుంటూ సాగుతుంది. ఇందులో మంచి లేకపోలేదు. నిర్ణయానికి సమయం పట్టినా, తీసుకున్న తరువాత అమలులో తడబాటు తక్కువ. ఇబ్బంది బయటివారికే. వారు సమావేశంలో ప్రశ్న వేసే సరికి చర్చ ముగిసి ఉంటుంది.

ఒలింపస్ కంపెనీలో జరిగినది దీని తీవ్ర రూపం. ఆ సంస్థకు తొలి విదేశీ అధిపతి అయిన బ్రిటన్ పౌరుడు మైకేల్ వుడ్‌ఫర్డ్ అనుమానాస్పద చెల్లింపులను ప్రశ్నించినందుకు 2011 అక్టోబరులో పదవి పోగొట్టుకున్నారు. ఆయన అడిగినది నిజమేనని, ఏళ్ళ తరబడి నష్టాలను దాచారని తరువాత రుజువైంది. నిస్సాన్ మాజీ అధిపతి కార్లోస్ ఘోన్ కథ వేరు. 2018 నవంబరులో అరెస్టయిన ఆయన ఆరోపణలను ఖండించి, 2019 చివరిలో దేశం విడిచి పారిపోయారు. ఆయన తప్పొప్పులు అలా ఉంచితే, నేరారోపణ జరిగిన కేసులలో 99 శాతానికి పైగా శిక్షపడే న్యాయవిధానంపైనా, న్యాయవాది లేకుండా సాగే సుదీర్ఘ విచారణపైనా ఆ కేసు ప్రపంచవ్యాప్త చర్చకు దారితీసింది.

పశ్చిమ బెంగాల్‌కు సంబంధించిన ఉదాహరణ హల్దియా. పాలిస్టర్‌కు ముడిసరుకైన పీటీఏ తయారీకి మిత్సుబిషి కెమికల్ అక్కడ కర్మాగారం ఆరంభించినప్పుడు, పరిశ్రమలు తరలిపోతున్న రాష్ట్రానికి జపాన్ ఇచ్చిన భరోసాగా అందరూ భావించారు. తరువాత సామర్థ్యాన్ని విస్తరించారు కూడా. చైనాలో ఉత్పత్తి అవసరానికి మించి పెరగడంతో నష్టాలు పేరుకుని, 2016లో కంపెనీ ఆ వ్యాపారం నుంచి తప్పుకుని ఛటర్జీ గ్రూపునకు అప్పగించింది. వ్యాపారపరంగా అది అర్థం చేసుకోదగిన నిర్ణయమే. అయితే పేరున్న జపాన్ సంస్థ వస్తే తరతరాలు నిలుస్తుందన్న నమ్మకం ఎంతవరకు సమంజసమో అది గుర్తుచేసింది. మరోవైపు, హుగ్లీ నది కింద సొరంగంతో 2025 ఆగస్టు నాటికి పూర్తి నిడివిలో అందుబాటులోకి వచ్చిన కోల్‌కతా తూర్పు-పడమర మెట్రోకు జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ జైకా దీర్ఘకాలిక రుణమిచ్చింది. ఆ ఆలస్యాలకు ప్రధాన కారణాలు మార్గం మార్పు, భూసేకరణ, 2019లో బౌబజార్‌లో ఇళ్ళు కుంగిన ప్రమాదం వంటివి. అంటే అక్కడ ఓపిక పట్టినది రుణదాతే.

అసలు భారం కార్మికులపై

కంపెనీ అధిపతుల నిరాశ వార్తలకెక్కుతుంది. కిందిస్థాయి కార్మికుల నిరాశ అంతగా వినిపించదు. 1993లో మొదలైన సాంకేతిక శిక్షణార్థుల పథకం పేరుకు శిక్షణ, ఆచరణలో చౌక కూలీ అన్న విమర్శ ఉంది. యజమాని ఎలాంటివాడైనా పని మార్చుకునే హక్కు శిక్షణార్థికి దాదాపు లేదు. ఆరు దేశాల శిక్షణార్థులపై జపాన్ ఇమిగ్రేషన్ సంస్థ 2022లో వెల్లడించిన సర్వేలో, వారు స్వదేశంలో దళారులకు, సంస్థలకు సగటున 5 లక్షల 40 వేల యెన్‌లకు పైగా చెల్లించి వచ్చినట్లు తేలింది. సగానికి పైగా అప్పు చేసినవారే. అప్పు మెడపై ఉన్నవాడు ఫిర్యాదు చేయలేడు, భరించలేనినాడు పారిపోతాడు. 2023లో 9,753 మంది శిక్షణార్థులు పనిచోటు నుంచి అదృశ్యమయ్యారు. భారత్ 2017లోనే ఈ పథకంలో చేరింది.

ఈ లోపాన్ని జపాన్ గుర్తించింది. పాత పథకాన్ని రద్దుచేసి కొత్త ఉపాధి-నైపుణ్య విధానాన్ని తెచ్చే చట్టాన్ని 2024 జూన్‌లో ఆమోదించింది. 2027 ఏప్రిల్ నుంచి అది అమలు కావలసి ఉంది. ఒకటి రెండేళ్ళు పనిచేసి, భాషా, నైపుణ్య పరీక్షలు నెగ్గినవారు అదే రంగంలో యజమానిని మార్చుకోవచ్చు. ఇది ముందడుగు. కానీ నిబంధనలు ఎంత త్వరగా మారగలవో చెప్పే మరో సంఘటన 2025లోనే జరిగింది. వ్యాపార నిర్వాహకుల వీసాకు కావలసిన కనీస మూలధనాన్ని అక్టోబరు 16 నుంచి 50 లక్షల యెన్‌ల నుంచి 3 కోట్లకు పెంచారు. ఇప్పటికే ఉన్నవారికి మూడేళ్ళ గడువు ఇచ్చినా, దశాబ్దాలుగా చిన్న భోజనశాలలు నడుపుకుంటున్న భారతీయ, నేపాలీ కుటుంబాలలో ఆందోళన మొదలైంది. 2025 జూలైలో జరిగిన ఎగువసభ ఎన్నికలలో ‘జపనీయులే ముందు’ అన్న నినాదం ఓట్లు రాబట్టడం ఈ మార్పులకు నేపథ్యం. విదేశీయుల రాజ్యాంగ హక్కులు నివాస అనుమతి విధానం పరిధికి లోబడే ఉంటాయని 1978లోనే అక్కడి సుప్రీంకోర్టు మెక్లీన్ కేసులో చెప్పింది. అందువల్ల ప్రభుత్వం నిబంధన మారిస్తే విదేశీయుడికి నిలబడే చోటు తక్కువ.

జపాన్ వైపు కూడా ఫిర్యాదులున్నాయన్నది మరువరాదు. అమరావతి రాజధాని రూపకల్పన పోటీలో 2016 మార్చిలో ఎంపికైన ప్రఖ్యాత వాస్తుశిల్పి ఫుమిహికో మాకి సంస్థను ఆ తరువాత పక్కనపెట్టడం ఆయనకు తీవ్ర ఆవేదన కలిగించింది. టాటాలతో భాగస్వామ్యం నుంచి వైదొలగిన డొకొమో, లండన్ మధ్యవర్తిత్వంలో గెలుచుకున్న 117 కోట్ల డాలర్ల కోసం మన న్యాయస్థానాల వరకు రావలసివచ్చింది. నిర్ణయానికి ముందు ఎంతసేపైనా మాట్లాడతాం, తరువాత మార్చము అన్నది వారి పద్ధతి. నిర్ణయం తరువాత కూడా మార్చుకోవచ్చు అన్నది మన అలవాటు. ఇరువైపులా నిరాశకు మూలం ఈ తేడాయే.

ఇప్పుడే మాట్లాడాలి

ఈ తేడాలోనే మన ప్రభుత్వాలకు పాఠం ఉంది. జపాన్ వ్యవస్థలో బేరం ఆడగలిగే సమయం నిర్ణయానికి ముందే. 2027 విధానం అమలు వివరాలు కుదురుకుంటున్న ఈ సమయమే మనకు అనువైనది. భారతీయ కార్మికుల నుంచి దళారీ రుసుము వసూలు చేయరాదని, నియామక ఖర్చు యజమానే భరించాలని ఒప్పందంలో రాయించుకోవాలి. చేరిన తొలినాళ్ళలో నివాసానికి యజమాని హామీదారుగా ఉండాలని కోరాలి. వేతనం, పని గంటలు, యజమానిని మార్చుకునే నిబంధన కార్మికుడి మాతృభాషలో చేతికి అందాలి.

పింఛను విషయమూ ముఖ్యమైనదే. 2016 అక్టోబరు నుంచి అమలులో ఉన్న సామాజిక భద్రతా ఒప్పందం భారతీయ కంపెనీలు ఐదేళ్ళలోపు కాలానికి జపాన్ పంపే ఉద్యోగులకు రెండుచోట్ల చందా చెల్లించే బాధ తప్పించింది. జపాన్ యజమాని వద్ద నేరుగా చేరిన సంరక్షకురాలికి, నిర్మాణ కార్మికుడికి ఆ వెసులుబాటు వర్తించదు. వారు తిరిగివచ్చాక చందాలో కొంత భాగాన్ని రెండేళ్ళలోపు దరఖాస్తు చేసి వాపసు పొందవచ్చు. ఈ సంగతి బయలుదేరే ముందే వారికి తెలియాలి.

తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇప్పటికే నర్సులను, సంరక్షకులను జపాన్‌కు ఎంపిక చేస్తున్నది. కోల్‌కతా జపాన్ భాషా పరీక్షా కేంద్రాలలో ఒకటి. శాంతినికేతన్‌లోని నిప్పన్ భవన్ జపాన్ భాషా సంస్కృతుల అధ్యయనానికే వెలసినది. ఇలాంటి ప్రభుత్వ మార్గాలు బలపడితే దళారీల అవసరం తగ్గుతుంది. అక్కడ ఫిర్యాదు చేయదలచిన యువతికి భాష వస్తే, పనిచోట ఆమె మాట కొంతైనా చెల్లుతుంది.

రాస్‌బిహారీ బోస్‌కు ఒక రొట్టెల దుకాణం, నిషి కసాయ్ ఇంజినీర్లకు ఒక తేయాకు వ్యాపారి దొరికారు. 50 వేల మందికి అలాంటి ఆపద్బాంధవులు దొరుకుతారని ఏ ప్రభుత్వమూ ఆశ పెట్టుకోరాదు. వారికి కావలసినది సంతకాలు పడిన హామీ. అది విమానం ఎక్కకముందే వారి చేతిలో ఉండాలి.