గేరుబాక్సు పోయిందని ఒప్పుకునే ముందు



1998 నవంబరులో హైదరాబాదు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మన సంఘాల పిల్లలు ఎందరో హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాలకు ఉద్యోగాలకు వెళ్ళారు. అడుగడుగునా ఆగే ఆ రద్దీలో మాటిమాటికీ క్లచ్ తొక్కే బాధ తప్పుతుందని చాలామంది ఆటోమేటిక్ కార్లు కొన్నారు. కొన్నేళ్ళు వాడి కొత్తది కొన్నప్పుడు పాత కారు ఊరికి వస్తుంది. నాన్నగారిని ఆసుపత్రికి, అమ్మను ఆదివారం ఆరాధనకు తీసుకువెళ్ళేది అదే కారు.

ఒకనాడు అది కదలనని మొరాయిస్తుంది. దగ్గరి పట్టణంలో షెడ్డుకు తీసుకువెళితే "గేరుబాక్సు పోయిందండీ, మొత్తం మార్చాలి" అంటారు. ఆ ఖర్చు ఒక్కొక్కసారి కారు విలువలో సగం దాకా పోతుంది. పంట డబ్బు తీసి ఇవ్వాలా, కారును తుక్కుకు వేయాలా అని కుటుంబం కలవరపడుతుంది. ఈ నెల మేము చెప్పదలచినది ఒక్కటే. ఆ మాట తీర్పు కాదు, అనుమానం మాత్రమే. పరీక్ష ముందు జరగాలి, ఖర్చు తరువాత.

ముందుగా మీ కారులో ఉన్నది ఏ రకమో తెలుసుకోండి. ఆటోమేటిక్ అన్నవన్నీ ఒకటి కావు. పాత హ్యుందాయ్ ఐ10 ఆటోమేటిక్ వంటి వాటిలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అక్కడ ఇంజను బలాన్ని చక్రాలకు అందించేది ఆయిలే. 2014లో వచ్చిన హోండా సిటీ పెట్రోలు ఆటోమేటిక్‌లో ఉన్నది సీవీటీ. దానిలో గేర్లకు బదులు రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. 2014 ఫిబ్రవరిలో మారుతి సెలేరియోతో మన దేశానికి వచ్చినది ఏఎంటీ. ఇది మామూలు గేరుబాక్సే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మనకు బదులు ఒక యంత్రం చేస్తుంది. కనుక ఏఎంటీ కారు ఎత్తు ఎక్కలేకపోతే తరచుగా అరిగింది క్లచ్ ప్లేటు. దానికి గేరుబాక్సు మొత్తం మార్చనక్కరలేదు. బ్యాటరీ బలహీనపడినా, గేరు మార్చే పరికరంలో ఆయిలు తగ్గినా దీనిలో గేరు పడదు.

మరొక సంగతి. మీటరులో కిలోమీటర్లు తక్కువ ఉన్నాయని మురిసిపోకండి. సైబర్ టవర్స్ కూడలి దగ్గర సాయంత్రం గంటసేపు పాకిన కారు మీటరులో పది కిలోమీటర్లు కూడా తిరగకపోవచ్చు. కాని ఆ గంటా గేరుబాక్సు ఎండలో, వేడిలో పనిచేస్తూనే ఉంటుంది. ఆయిలును పాడుచేసేది దూరం కంటే వేడి. కారు ఇచ్చిన అబ్బాయిని గాని అల్లుడుగారిని గాని గేరుబాక్సు ఆయిలు చివరిసారి ఎప్పుడు మార్చారని తప్పక అడగండి.

ఇక ఇంటి దగ్గర చేయదగిన పరీక్షలు. కొన్ని కార్లలో గేరుబాక్సు ఆయిలు చూసుకోవడానికి డిప్‌స్టిక్ ఉంటుంది. కొన్నింటిలో ఇంజను వేడెక్కి నడుస్తుండగా చూడాలి, కొన్నింటిలో ఆపిన వెంటనే చూడాలి. కారుతో వచ్చిన పుస్తకంలో ఆ వివరం ఉంటుంది. డిప్‌స్టిక్ లేనివాటిని షెడ్డులోనే కింద నుండి చూడాలి. ఈ ఆయిలు ఇంజను ఆయిలులాగా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. నల్లబడి మాడు వాసన వస్తే లోపలి క్లచ్‌లు కాలుతున్నాయని అనుమానించాలి. పాలు కలిపినట్టు తెల్లబారితే నీరు చేరినట్టు. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాదులో ఎన్నో కార్లు నీట మునిగాయి. కనుక నగరం నుండి పాత కారు కొనేవారు ఇది మరీ జాగ్రత్తగా చూడాలి.

తరువాత, బ్రేకు గట్టిగా తొక్కి, ఎదుట ఎవరూ లేకుండా చూసుకుని, గేరు లివరును 'డి'లోకి, ఆపై 'ఆర్'లోకి వేయండి. ఒకటి రెండు సెకన్లలో కారు కొద్దిగా కదిలి గేరు పట్టాలి. రెండింటిలోనూ పట్టకపోతే మొదట ఆయిలు చూడాలి. ఒకదానిలో పట్టి రెండవదానిలో పట్టకపోతే లోపలి భాగం మీద అనుమానం. పట్టేటప్పుడు ధడేలుమంటే ఇంజను మౌంటింగు రబ్బర్లు చూడమనండి. అవి అరిగినా గేరుబాక్సు చెడినట్టే అనిపిస్తుంది.

లివరు 'పి' నుండి కదలడమే లేదా? ఎవరినైనా వెనుక నిలబెట్టి బ్రేకు తొక్కండి. బ్రేకు లైటు వెలగకపోతే తప్పు బ్రేకు స్విచ్‌లోనో ఫ్యూజులోనో ఉండవచ్చు. బ్రేకు తొక్కినట్టు కారుకు తెలిస్తేనే లివరు వదులుతుంది. చిన్న స్విచ్ చేసిన తప్పుకు గేరుబాక్సును నిందించరాదు గదా!

ఇవన్నీ ఒక కాగితం మీద రాయండి. ఇబ్బంది చల్లని ఇంజనుతోనా, వేడెక్కాకా? ఎత్తు మీదనా, మలుపులోనా? ఇంజను మోత పెరిగి వేగం పెరగడం లేదా? సీవీటీలో మోత ముందు, వేగం వెనుక రావడం కొంతవరకు సహజమే. ఏఎంటీలో గేరు మారేటప్పుడు చిన్న కుదుపు కూడా సహజమే. రోగి చెప్పే వివరమే వైద్యునికి సగం మందు. కారు మాట్లాడలేదు కనుక దాని తరఫున మనమే చెప్పాలి.

మన పల్లెల్లో రెండు అలవాట్లు ఈ కార్లకు కీడు చేస్తాయి. ఆగిన కారును తాడుకట్టి ట్రాక్టరుతో లాగడం మొదటిది. చాలా ఆటోమేటిక్ కార్లలో ఇంజను తిరిగితేనే పంపు తిరిగి ఆయిలు పారుతుంది. ఇంజను ఆగి చక్రాలు తిరుగుతుంటే లోపలి భాగాలు ఆయిలు లేకుండా రాసుకుంటాయి. బాగున్న గేరుబాక్సు కూడా ఆ దారిలోనే పోవచ్చు. కారును లారీ మీద ఎక్కించండి, లేదా ఇంజను బలం అందే చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి తీసుకువెళ్ళండి. బ్యాటరీ దిగితే తోసి స్టార్టు చేయబోవడం రెండవది. ఈ కార్లు తోస్తే స్టార్టు కావు. వేరే బ్యాటరీ నుండి వైర్లు కలపాలి.

షెడ్డులో మూడు మాటలు అడగండి. స్కానర్ పెట్టి వచ్చిన సంకేతాలను చెరిపేయక ముందే కాగితం మీద రాసి ఇమ్మనండి. 'పి07'తో మొదలయ్యేవి గేరుబాక్సుకు చెందినవి. సంకేతం ఏ భాగం మార్చాలో చెప్పదు, ఎక్కడ వెతకాలో చెబుతుంది. రెండవది, ఆయిలు దించినప్పుడు అడుగున ఏముందో చూపించమనండి. సన్నని బూడిద వంటి పొడి ఉంటే భయం లేదు. లోహపు పెచ్చులు ఉంటే అనుమానం నిజమే. మూడవది, మీ కారుకు కంపెనీ చెప్పిన ఆయిలే పోయించండి. సీవీటీకి దాని ఆయిలు వేరు. ఎరుపు రంగు చూసి ఏదో ఒకటి పోస్తే ఉన్నది కాస్తా చెడుతుంది.

అప్పటికీ పెద్ద పనే అని తేలితే, ఈ రకం కార్లు తెలిసిన మరొకరి చేత చూపించండి. ఒక పక్షం మాటే విని తీర్పు తీర్చవద్దని సామెతల గ్రంథం మనకు నేర్పుతుంది. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పినదీ మనకు తెలిసిందే. ఇది మెకానిక్‌ను దొంగగా చూడమని చెప్పడం కాదు. కష్టపడి నిజం చెప్పేవారు ఎందరో ఉన్నారు. అటువంటి వారు ఈ ప్రశ్నలకు కోపపడరు, సంతోషిస్తారు.

చివరిగా ఒక మాట. పరీక్షలో లోపం బయటపడి, బాగుచేయించే శక్తి లేక కారు అమ్మదలచినవారు ఆ లోపాన్ని కొనేవారికి చెప్పే అమ్మండి. దొంగత్రాసు అంగడిలోనే కాదు, మన వాకిట్లోనూ ఉండవచ్చు. ఆ కారు రేపు మరొక తండ్రిని ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసినది. ధర కొంత తగ్గినా మనస్సాక్షి నిలుస్తుంది, పొరుగువాడు దారిలో ఆగిపోడు. ప్రభువు మీ ప్రయాణములన్నిటిలో మీకు తోడైయుండును గాక.