చదవని దాని కింద పేరెందుకు బిడ్డా?

పోయిన ఆదివారం తార్నాకలో మా ఆడపడుచు ఇంట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాల దగ్గర మాటలన్నీ పిల్లల చదువుల మీదికి మళ్ళాయి. నా పక్కన కూర్చున్నావిడ, "మా వాడు ప్రాజెక్టు మొత్తం చాట్‌జీపీటీతో పావుగంటల కొట్టేసిండు, 90 మార్కులొచ్చినయ్" అన్నారు గర్వంగా. అందరూ "అబ్బ, ఎంత హుషారు పిల్లోడు!" అని మెచ్చుకున్నారు. నేను పప్పన్నం కలుపుకుంటూ ఊరుకున్నాను. గోల్నాక వచ్చేదాకా ఆటోలో ఆ ఊరుకోవడమే గుచ్చుకుంది. అక్కడ అనలేనిది ఇక్కడ అంటున్నాను.

నా కోపం ఆ పిల్లాడి మీద కాదు, మన మెచ్చుకోలు మీద. మూడో తరగతిలో థర్మాకోల్ సౌరకుటుంబం ఎవరు చేశారు? రాత్రి 11 గంటలకి చేతులకి ఫెవికాల్ అంటించుకుని కూర్చున్నది మనం. పిల్లలు నిద్రపోయారు. పొద్దున దాని మీద వాళ్ళ పేరు రాసి పంపించాం. ఇంటర్‌లో రికార్డు బొమ్మలు డబ్బులిచ్చి వేయించాం. డిగ్రీకొచ్చాక జిరాక్స్ షాపులో రెడీమేడ్ ప్రాజెక్టు దొరికితే "బైండింగ్ మంచిగుందా" అని మాత్రం అడిగాం. పని ఒకరిది, పేరు ఇంకొకరిది. ఈ పాఠం 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మొదలైంది కాదు తల్లీ. మన ఇంట్లో ఎప్పుడో అయిపోయింది. మిషన్ వచ్చి దాన్ని చవక చేసింది, అంతే.

"అందరూ చేస్తున్నరు, తప్పేముంది?" అనేవాళ్ళకి ఒక ముచ్చట చెప్తాను. నాది బీఏ తెలుగు. ఉద్యోగం చేయలేదు గానీ ఛందస్సు మాత్రం మరిచిపోలేదు. మా అమ్మాయి అసైన్‌మెంట్ కోసం స్నేహం మీద వేమన పద్యం ఒకటి ఇమ్మని ఆ మిషన్‌ని అడిగింది. చిటికెలో ఇచ్చేసింది, మకుటంతో సహా! నాకు ఎక్కడో తేడా కొట్టింది. పాత కరెంటు బిల్లు వెనక గురులఘువులు గుర్తు పెట్టి చూశాను. ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు ఉండాలి. రెండో పాదంలో అయిదూ సూర్య గణాలే. ఇందులో ఒక్క పాదం కూడా నిలబడలేదు. ఇంట్లో ఉన్న వేమన పుస్తకమంతా తిరగేసినా ఆ పద్యం లేదు. అది వేమన్నకి తెలియకుండా వేమన్న పేరు పెట్టి అల్లిన పద్యం! తప్పని చెప్తే క్షమాపణ చెప్పి ఇంకో దొంగ పద్యం ఇచ్చింది.

మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. "నువ్వు చూడకపోతే అట్లనే ఇచ్చేద్దునమ్మా" అంది. నాకు భయం వేసింది అక్కడే. తెలిసినవాడికి అబద్ధం దొరుకుతుంది. నేర్చుకోవలసిన వయసులో నేర్చుకోని పిల్లకి ఎట్లా దొరుకుతుంది? రేపు అది పద్యం కాక మందు మోతాదో, ఇంటి శ్లాబు లెక్కో అయితే?

అట్లాగని ఫోన్లు గుంజుకుని నిషేధించమనేవాళ్ళతోనూ నాకు పడదు. మా అక్క కూతురు మా ఇంట్లోనే ఉండి ఎం.ఏ. చదువుతోంది. ఊళ్ళో సర్కారు బడిలో, తెలుగు మీడియంలో చదివిన పిల్ల. ఇంగ్లీషు పాఠం అర్థం కాకపోతే తెలుగులో చెప్పమని మిషన్‌ని అడుగుతుంది, మళ్ళీ పుస్తకంతో సరిచూసుకుంటుంది. ట్యూషన్‌కి డబ్బుల్లేని పిల్లకి అది గురువు లాంటిదే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు పాఠాలు ఉర్దూలో చెప్పాలనుకున్నారు. దానికోసం పుస్తకాలు అనువాదం చేసే సంస్థ ఒకటి ముందుగానే పెట్టారు. ఆ ఉర్దూ మన తెలుగు పిల్లలకి ఎంతవరకు అందిందనేది వేరే పంచాయితీ. కానీ పిల్లవాడికి అర్థమయ్యే భాషలో చదువు రావాలన్న ఆలోచన మంచిదే కదా. ఆ పని మిషన్ చేస్తే కాదనడానికి నేనెవరిని?

అదే పిల్ల మొన్న ఏడుస్తూ ఇంటికొచ్చింది. రెండు వారాలు మా వంటింటి బల్ల మీద కూర్చుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని సెమినార్ పేపరు సొంతంగా రాసుకుంది. టీ పెట్టిచ్చినదాన్ని, నేనే సాక్షిని. కాలేజీలో ఏదో సాఫ్ట్‌వేర్‌లో వేసి "ఇది చాలావరకు ఏఐ రాసిందే" అనేశారట. ఎవరూ ఆ పిల్లని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు!

అప్పుడు కూర్చుని చదివాను. చాట్‌జీపీటీ చేసిన కంపెనీయే 2023 జనవరిలో ఇలాంటి పట్టుకునే పరికరం తెచ్చి, సరిగా పట్టుకోలేకపోతోందని జులైలో తీసేసింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అదే ఏడాది ఇలాంటి ఏడు పరికరాలని పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు రాసిన వ్యాసాల్లో సగానికి పైగా మిషన్ రాసినవని తేల్చాయట! చిన్న చిన్న మాటలతో, జాగ్రత్తగా రాస్తే అనుమానమన్నమాట. మరి మన తెలుగు మీడియం పిల్లలు రాసేది అట్లాగే కదా. యూజీసీ 2018 నిబంధనలు వేరే పాత దొంగతనానికి రాసినవి. థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే సరిదిద్దాలి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మిషన్ రాత దేనితోనూ పోలదు, అప్పుడే అల్లింది కాబట్టి. అంటే పావుగంటలో కొట్టేసినవాడు దాటిపోతాడు, బల్ల మీద కూర్చుని రాసిన పిల్ల దొరుకుతుంది.

పంతుళ్ళకి నా మనవి ఒకటే. సాఫ్ట్‌వేర్‌ని కాదు, పిల్లని అడగండి. "ఈ మాట ఎందుకు రాశావు?" అని అయిదు నిమిషాలు అడిగితే తెలిసిపోదూ? క్లాసులో 60 మంది ఉంటే కష్టమే, నాకు తెలుసు. కానీ ఒక పిల్లని దొంగ అనేముందు ఆ అయిదు నిమిషాలు లేకపోతే ఎట్లా?

ఇక మనం. పిల్లలు మిషన్‌ని అడగొద్దని నేననను. అడిగితే అడిగామని చెప్పాలి. చదవని దాని కింద, విడమరిచి చెప్పలేని దాని కింద పేరు పెట్టకూడదు. మార్కులు వచ్చినప్పుడు ఎన్నొచ్చినయ్ అని కాక, ఏం రాశావో నాకు చెప్పు అని మనం అడగాలి. వంట చేస్తూ వినొచ్చు, పెద్ద పనేం కాదు.

అక్క కూతురు మర్నాడు తన చిత్తు కాయితాలన్నీ, కొట్టివేతలతో సహా, సంచిలో వేసుకుని వెళ్ళింది. మేడమ్ చూస్తామన్నారట. మా అమ్మాయి ఆ పద్యం తీసేసి, పుస్తకంలోది వెతికి రాసుకుని, చివర ఒక వాక్యం చేర్చింది: పాఠం అర్థం చేసుకోవడానికి ఏఐ సాయం తీసుకున్నాను, రాత నాది. "ఇట్ల రాస్తే మార్కులు కోస్తరేమో అమ్మా" అంది. కోస్తే కోయనీ అన్నాను గానీ, నాకూ కాస్త గుబులుగానే ఉంది. మార్కులు ఇంకా రాలేదు.