వాడిన నూనె: వంటకా, ఇంధనమునకా?

పండుగ వచ్చినచో మన నల్లగొండ, పాలమూరు సీమలలో సకినములు, గారెలు వండని యిల్లు లేదు. వంట ముగిసిన పిమ్మట మూకుడున మిగిలిన నల్లని నూనెను గూర్చి మాత్రము ఎవరును తలంపరు. నార్కట్‌పల్లి, సూర్యాపేటల మీదుగా విజయవాడకును, జడ్చర్ల మీదుగా బెంగుళూరునకును పోవు బాటల ప్రక్క హోటళ్లు, బజ్జీల బండ్లు అనేకములు కలవు. పలుమార్లు కాగిన నూనె చౌకగా మరియొక బండికి చేరెనేని, తుదకు అది పేదవాని కడుపులోనికే పోవును. ఈ విషయమై మా యభిప్రాయమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుచున్నాము.

నూనె కాగినకొలది దానియందు పోలార్ పదార్థములను చెడుగులు పెరుగును. అవి నూటికి 25 పాళ్లు మించిన నూనెను వంటకు వాడరాదను నియమము 2018 జులై 1 నుండి మన దేశమున అమలునకు వచ్చినది. ఆ యేడు ఆగస్టులోనే, అట్టి నూనెను సేకరించి ఇంధనముగా మార్పించు పథకమును భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ ఆరంభించినది.

నూనె ఇంధనమగుట యెట్లు? నూనెయందును, పశువుల కొవ్వునందును గ్లిసరిన్ భాగమునకు మూడు పొడవైన కర్బనపు గొలుసులు తగులుకొని యుండును. ఇవి డీజిలునందలి గొలుసులకు సమీప బంధువులు. ముఖ్యభేదము వీనికి అంటియున్న ఆమ్లజనియే. మెత్తని పొడిగా చేసిన నికెలు వంటి లోహముల సన్నిధిని ఉదజని కర్బన పదార్థములతో కలియునని చూపి, ఫ్రెంచి రసాయనవేత్త పాల్ సబాటియే 1912లో నోబెల్ బహుమానము నందెను. మన వంటయిండ్లకు వనస్పతి వచ్చినది ఆ మార్గముననే. ఇంధనమునకైతే నూనెను ఉదజనితో కలిపి, నికెలు, మాలిబ్డినము వంటి లోహముల మీదుగా, సుమారు 300 మొదలు 400 డిగ్రీల వేడిమిలో, మిక్కుటమగు ఒత్తిడిలో నడిపింతురు. ఆమ్లజని నీరుగను, బొగ్గుపులుసు వాయువుగను వెడలిపోవును, ఉదకర్బనములు మిగులును. పిదప ప్లాటినము వంటి లోహము సాయమున ఆ గొలుసులకు కొమ్మలు కల్పించినచో, ఆకాశపు చలికిని గడ్డకట్టని విమానపు ఇంధనము సిద్ధించును.

డెహ్రాడూనులోని భారత పెట్రోలియము సంస్థ అడవి ఆముదపు నూనెనుండి ఇట్టి ఇంధనము చేయగా, దానిని కలుపుకొని యొక విమానము 2018 ఆగస్టు 27న ఢిల్లీకి ఎగిరినది.

ఇందుచేత డీజిలు కొరత తీరునని కొందరందురు. మాకట్లు తోచదు. మూకుళ్లలో మిగులు నూనె మన బాటలమీది లారీల దాహమునకు చాలదు; ఉదజనికిని వ్యయము కలదు. చాలదని తినదగిన నూనెనే యంత్రములకు పోసిన యెడల పేదల కూరకు పోపు కరవగును. కావున వ్యర్థమైన నూనెకే ఈ విద్య తగినదని మా నిశ్చయము. చెడిన నూనె మరల మూకుడునకు పోకుండుటయే దీని ముఖ్యఫలము.

పటిక, సున్నము వేసి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు ‘నల్లగొండ పద్ధతి’ని ఇంట బకెట్టులోనైనను జరుపుకొనవచ్చును. ఇది అట్టిది కాదు. మండెడి ఉదజనితో బాలురెవ్వరును చెలగాటమాడరాదు. మన పని సేకరణమే. ప్రతి వసతిగృహమునను, హోటలునను, పెండ్లి వంటశాలయందును మూతగల డబ్బా నుంచవలయును. నీరును, ఉప్పును, ఆహారపు తునుకలును ఆ లోహముల శక్తిని చెరచును గనుక, నూనెను చల్లార్చి, వడపోసి, అనుమతిగల సేకరణదారునకే యిచ్చి రసీదు పుచ్చుకొనవలయును. కాలువలో పోయుట మానవలయును.

బండివానికి న్యాయమైన వెల ముట్టనిచో ఈ ఉపదేశమంతయు వృథా. నల్లని నూనె వాడెనని అతనిని దూషించుట సులభము. ఆ నూనెకు వెల కల్పించి, క్రొత్తనూనె కొనగల శక్తి నతనికి కలిగించుట ధర్మము.