బార్డరు వేస్తే డిజైన్ అయిపోదు

ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు అనగానే మన దగ్గర మొదలయ్యే చర్చ బార్డరు గురించి. ఒక గీతా, రెండు గీతలా? కవరు నీలమా, మెరూనా? స్పైరల్ బైండింగా, బంగారు అక్షరాలా? ఇవన్నీ తేలాక, ఆఖరి రాత్రి, లోపల ఏ బొమ్మ ఏ పేజీలో ఉండాలో చూస్తాం. ఇంటర్న్‌షిప్‌కి వెళ్లొచ్చిన సీనియర్లను అడిగితే ఆఫీసుల్లోనూ ఇదే వరస అంటున్నారు. స్లైడు మీద లోగో, నాలుగు రంగులు, ఎగిరొచ్చే అక్షరాలు ఉంటే చాలు, డిజైన్ బాగుందని మెచ్చుకుంటారట.

నాకు ఇది ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఆఫీసు కాగితంలో డిజైన్ చేయాల్సిన పని ఒక్కటే: చదివేవాళ్లకు కావాల్సిన ముక్క ఎక్కడుందో కంటికి చూపించడం. ఆ పని చేయని కాగితం ఎంత అందంగా ఉన్నా పనికిరాదు. ఒక్కోసారి నష్టం కూడా చేస్తుంది.

నిజానికి ఈ విద్య మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. మూలలకు పసుపు రాసిన కార్డు ఇంటికొస్తే, అక్షరం ముక్క రాని అవ్వ కూడా అది శుభవార్తని కనిపెట్టేస్తుంది. షావుకారు లెక్కల పుస్తకంలో జమ ఒక పక్క, ఖర్చు ఇంకో పక్క. ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు. అంకె ఎంత పొడుగుందో చూస్తేనే ఏది పెద్ద పద్దో తెలిసిపోతుంది. మనమేమో ఎక్సెల్‌లో ఆ అంకెలన్నిటినీ తెచ్చి గడి నడిమధ్యలో కూర్చోబెడతాం, అందంగా ఉంటుందని. 9,500 కింద 12,400, దాని కింద 875, అన్నీ మధ్యలోనే. ఇప్పుడు ప్రతి అంకె దగ్గరా ఆగి చదువుకోవాలి.

బ్రిటన్‌లో విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లండ్ ఆయన 1786లో వేసిన పుస్తకంలో దేశం ఎగుమతి, దిగుమతుల లెక్కల్ని గీతలుగా గీసి చూపించాడు. ఈరోజు మనం వాడే లైన్ చార్టు, బార్ చార్టు అక్కణ్నుంచే ప్రచారంలోకి వచ్చాయి. అంటే చార్టు పుట్టిందే వ్యాపార లెక్కల్ని చప్పున అర్థం చేయించడానికి. స్లైడులో ఖాళీ నింపడానికి కాదు.

మంచి డిజైన్, చెడ్డ డిజైన్ రెండూ ఒకే డబ్బాలో చూడాలంటే నిమ్మతోట ఉన్న ఇంట్లో పురుగుమందు సీసా చూడండి. గూడూరు వైపు పల్లెల్లో అది లేని ఇల్లు అరుదు. సీసా మీద మూల మీద నిలబెట్టిన చదరం ఉంటుంది. దాని కింది సగంలో రంగు. ఎరుపైతే అత్యంత విషం, పసుపైతే ఎక్కువ విషం, నీలమైతే మధ్యస్థం, ఆకుపచ్చైతే తక్కువ. ఎరుపు వాటికి పై సగంలో పుర్రె, ఎముకల బొమ్మ కూడా వేస్తారు. చదువుతో పనిలేదు, పది అడుగుల దూరం నుంచి తెలుస్తుంది. అదే డబ్బాలో మడిచిపెట్టిన కాగితం తీయండి. ఎంత నీళ్లకు ఎంత మందు కలపాలి, ఒంటిమీద పడితే ఏం చేయాలి, అన్నీ అందులోనే ఉంటాయి. అక్షరాలు చీమ తలకాయంత. చెమట పట్టిన చేతుల్తో, ఎండలో, గట్టు మీద నిలబడి దాన్ని ఎవరు చదువుతారు? రాసినవాళ్ల బాధ్యత తీరింది, చదవాల్సినవాళ్లకు అందింది మాత్రం ఏమీ లేదు.

ఆ చదరంలోనూ ఒక చిక్కుంది. ఆకుపచ్చ అంటే మనకు 'పర్లేదు, పో' అని అర్థం. అక్కడేమో 'విషమే, కాకపోతే కాస్త తక్కువ' అని అర్థం. ఒక్క రంగునే నమ్ముకుంటే వచ్చే తంటా ఇది. తినుబండారాల ప్యాకెట్ల మీద మాంసాహార గుర్తు ఇదివరకు గోధుమరంగు చుక్క. 2020 నాటి లేబులింగ్ నిబంధనల్లో దాన్ని త్రికోణం చేశారు. ఇప్పుడు రంగుల తేడా తెలియనివాళ్లు కూడా ఆకారం చూసి గుర్తుపట్టొచ్చు. చిన్న మార్పే, కానీ ఎంత మందికి సాయం!

ఇక డబ్బు సంగతి. మా మేనమామ బోరు మోటారు కోసం ఒక ఫైనాన్స్ కంపెనీలో అప్పు తీసుకున్నాడు. కాగితాల కట్ట నా ముందు పెట్టి, "అల్లుడూ, నెలకెంత కట్టాల, లేటైతే ఎంత పడుద్ది, అది యాడుండాదో చూడు" అన్నాడు. మొదటి పేజీ నిండా లోగో, నవ్వుతున్న కుటుంబం ఫొటో, అభినందనలు. నెలవారీ కంతు నాలుగో పేజీలో, ఒక పేరా మధ్యలో. ఆలస్య రుసుము పదకొండో పేజీలో, ఇంగ్లీషులో, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో. ఆ కట్టలో అబద్ధమేమీ లేదు, అన్నీ రాశారు. కానీ మామ మొదట అడిగిన మూడు ప్రశ్నలకు జవాబులు చివరికి నెట్టేశారు. దీన్ని డిజైన్ లోపం అని సరిపెట్టుకోవడం నాకు కష్టంగానే ఉంది.

అందుకే రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్ 15న ఇచ్చిన ఆదేశం మనలాంటి వాళ్లు తప్పక తెలుసుకోవాలి. 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే కొత్త రిటైల్ అప్పులకు, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకు 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' ఇచ్చి తీరాలి. అప్పు ఎంత, కంతు ఎంత, ఎన్ని నెలలు, రుసుములన్నీ కలిపితే ఏడాదికి అసలు పడే రేటు ఎంత అన్నది నిర్ణీత పట్టికలో, అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో చూపించని రుసుమును వాళ్ల ఒప్పుకోలు లేకుండా తర్వాత వసూలు చేయకూడదు. చూడండి, పట్టికలో ఒక గడికి ఎంత విలువ వచ్చిందో! మనలో ఎడ్యుకేషన్ లోన్ తీసుకునేవాళ్లు సంతకానికి ముందు ఈ కాగితం అడిగి తీసుకోండి.

అయితే తెలుగులో ఇవ్వమనడం తేలిక, తెలుగులో కనపడేలా ఇవ్వడమే పని. ఇంగ్లీషు ఫార్మాట్‌లో తెలుగు పోసేస్తే కుదరదు. మనకు క్యాపిటల్ లెటర్స్ లేవు, కాబట్టి ముఖ్యమైన మాటను సైజుతోనో, చుట్టూ ఖాళీతోనో చూపించాలి. కింద గీత గీస్తే 'వడ్డీ', 'మొత్తం' లాంటి మాటల్లో ఒత్తుల మీదుగా పోతుంది. సరిగ్గా స్పష్టంగా ఉండాల్సిన మాటలే పాడవుతాయి. చిన్న అక్షరాన్ని బోల్డ్ చేస్తే 'థ' లోపలి చుక్క పూడిపోయి 'ధ'లా కనపడుతుంది. పైన గుడులు, కింద ఒత్తులు ఉన్న లిపికి వరసల మధ్య చోటు ఎక్కువ కావాలి. ఫాంట్లు లేవన్న సాకు ఇప్పుడు చెల్లదు. లోపలి మేటర్‌కి మండలి, శీర్షికలకు రామభద్ర లాంటివి ఉచితంగా దొరుకుతున్నాయి.

"సరుకు బాగుంటే చాలు, పైపై మెరుగులెందుకు" అనే స్నేహితులు నాకున్నారు. సరుకు ముఖ్యమే. కానీ మెరుగులు వేరు, వరస వేరు. స్లైడు మీద 'ఫలితాలు' అని శీర్షిక పెట్టకుండా 'డ్రిప్‌తో నీటి వాడకం తగ్గింది' అని పెడితే అందులో మెరుగేముంది? వినేవాళ్ల టైము మిగిలింది, అంతే.

రేపు కరెంటు బిల్లులు, అప్పు కాగితాలు, యాప్ స్క్రీన్లు తయారుచేసేది మనమే. అందుకే మన క్లబ్బుకి ఒక ప్రతిపాదన. నిమ్మకాయల మార్కెట్లో రైతుకిచ్చే చీటీయో, హాస్టల్ ఫీజు రసీదో, ఏదో ఒకటి తీసుకుని ఒక్క పేజీలో తెలుగులో మళ్లీ వేద్దాం. వేశాక ఇంట్లో ఎవరికైనా పది సెకన్లు చూపించి, వెనక్కి తీసుకుని అడుగుదాం: ఎంత? ఎప్పటికి? ఎవరికి? మూడూ చెప్పగలిగితే ఆ కాగితాన్ని వచ్చే సంచికలో అచ్చేద్దాం. బార్డరు లేకపోయినా సరే.